ఇద్దరికీ ఒకటే అరచెయ్యి

అదికాదే లోవా, ఆసుపత్రి దగ్గర్నించి మొదలెట్టకు. అలా రాత్తే మీ అమ్మ మొదటి ముక్కకే "నాన్నకి చాదస్తం" అని పక్కన పడేత్తాది. కొట్టెయ్. కుండ దగ్గర్నించి రాయి. మీ మామ్మ కుండ.

నేను నెమ్మదిగా చెప్తాను, నువ్వూ నెమ్మదిగా రాయి. నా మాట నాలాగే ఉండనీ. బళ్ళో చెప్పినట్టు దిద్దకు.

మీ మామ్మ పల్లాలమ్మ నాకు చెల్లెలు, నీకు తెలిసిందేగా. అది పొయ్యి ముందు కూచుంటే దారినపోయేవోడు కూడా ఓ క్షణం ఆగి చూసేవోడు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన తపేలాలో బియ్యప్పిండి, పాలకన్నా పల్చన. తెల్లగుడ్డ రెండు చేతులా పట్టుకుని, అందులో ముంచి, కుండ మీంచి ఇలా ఒక్క లాగు లాగేది. గుడ్డ ఇంకా గాల్లో ఉండగానే కుండ మీద రేకు కట్టేసేది. వేళ్ళు చాపి అంచు పట్టి ఎత్తేది. ఆ రేకులోంచి చూత్తే అవతలి మనిషి మొహం ఆనవాలు పట్టాలి. అదీ పూతరేకంటే. మొహం కనపడకపోతే దాన్ని అప్పడం అనేది పల్లాలమ్మ. పక్కింటోళ్ళు చేసినవన్నీ దానికి అప్పడాలే.

దానికి వేళ్ళన్నీ ఒక్క తీరున చాపుకుని ఉండాలి. ఒక్క వేలు లోపలికొచ్చినా గుడ్డ అక్కడ వదులై, రేకు మడత పడతాది.

దాని మొగుడు గనిరాజు. మా మేనత్త కొడుకు. అంటే మేనరికం. మా అమ్మా నాన్నలదీ మేనరికమే, వాళ్ళ పైవాళ్ళదీ అంతే. పల్లాలమ్మ మొగుణ్ణి బావా అని పిలిచేది, పిల్లలు పుట్టాక కూడా. గనిరాజు సన్నాయి ఊదితే పెళ్ళోళ్ళు విస్తళ్ళ దగ్గర్నించి లేచి వచ్చేవోళ్ళు. నాది డోలు. అంతకి మించి నా ఊసొద్దు.

ఆ సన్నాయికి ఎడంచేతి ఉంగరం వేలు అడ్డం తిరిగింది. మొదట అరచేతిలో సెనగ్గింజంత గడ్డ. కాయకాసింది అనుకున్నారు. పల్లాలమ్మ రోజూ కొబ్బరినూనె రాసేది. గడ్డ కాత్తా తాడైంది. తాడు వేలిని లోపలికి గుంజడం మొదలెట్టింది. ఓ పెళ్ళిలో తాళి కట్టేవేళ గట్టిమేళం అన్నారు, ఊదేడు, ఆ వేలు కన్నం మీంచి లేవలేదు. సన్నాయి కుయ్యోమంది. పెళ్ళికొడుకు మేనమావ నవ్వుతా అన్నాడు, "ఏం గనిరాజూ, పిల్ల తల్లి కన్నా ముందు నువ్వేడుత్తున్నావు?"

అందరూ నవ్వేరు. గనిరాజూ నవ్వేడు. ఇంటికొచ్చి సన్నాయి సంచిలో పెట్టి, మర్నాడు కాకినాడ బస్సెక్కేడు.

కోసేరు. వేలు లేచింది. డాక్టర్లు దానికో పరీక్ష పెడతారు. చెయ్యి బల్ల మీద బోర్లించమంటారు. అరచెయ్యి బల్లకి అంటుకుపోతే బాగైనట్టు. కింద సందు కనపడితే కానట్టు. గనిరాజు చెయ్యి బల్లకి అతుక్కుపోయింది. ఆ సంబరం కొన్నేళ్ళు. తరవాత సందొచ్చింది. మళ్ళీ కోసేరు. మళ్ళీ వచ్చింది, ఈసారి చిటికెన వేలిని కూడా తోడు తెచ్చుకుంది.

అప్పటికి ఆ ఆసుపత్రిలో హిరణ్మయి అని ఓ డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. మాటలో మర్యాద.

"నరం పట్టేసిందా అమ్మా?" అని అడిగింది పల్లాలమ్మ.

"నరం కాదండి. చర్మం కింద పొర ఒకటి ఉంటుంది. అది తాడులా పేనుకుంటోంది. తీసేస్తే వేలు లేస్తుంది. కానీ అలా పేనుకునే గుణం ఆయన ఒంట్లోనే ఉంది. అందుకే మళ్ళీ వస్తుంది."

"మళ్ళీ కోయండి," అన్నాడు గనిరాజు.

"కోసేకొద్దీ లోపల బిగుసుకుపోతుంది బాబాయిగారూ. ఇంకోసారంటే కొందరు వేలే తీసెయ్యమంటారు."

"వేలు తీసేత్తే కన్నం ఎవరు మూత్తారండి? పెళ్ళి పెళ్ళికీ మీరొత్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, ఇద్దర్నీ వెనక గదిలోకి తీసుకెళ్ళింది. చల్లటి గది. గాజు పళ్ళెంలో రెండు పుల్లలు, వాటి మధ్య కట్టిన పల్చటి పొర. కళ్ళజోడు లాంటిదొకటి పల్లాలమ్మకి పెట్టి చూడమంది.

పల్లాలమ్మ చూసి, "రేకండి," అంది.

"ఇది బతికున్న రేకమ్మా. ఒంట్లోంచి తీసినా ఒకటి రెండ్రోజులు అలాగే బతుకుతుంది, తిండి పెడితే ఎన్నాళ్ళైనా. ఆ పుల్లల్ని చూడండి."

పుల్లలు పల్లాలమ్మ చూత్తుండగానే వెంట్రుకవాసి దగ్గరకొచ్చి ఆగిపోయేయి.

"మంచి చేతి పొర ఇది. ఎంత గుంజాలో దానికి తెలుసు, ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. ఆయన చేతిలో ఆగడం తెలీని పొర ఉంది. ఇలాంటిది పక్కన నాటితే దానికి ఆగడం నేర్పుతుంది. తీసేది గోరంతే. మేం దాన్ని పెంచి, సగం ఆయనకి పెట్టి, సగం ఇచ్చినవాళ్ళకే తిరిగి పెట్టి కుట్టేస్తాం."

పరాయివాళ్ళ పొర పెడితే ఒళ్ళు ఒప్పుకోదంట. ఒప్పించడానికి బతికినంతకాలం మందులు మింగాలంట. చుట్టాల్లో ఎవరిదైనా కలుత్తాదేవో అని రక్తాలు చూసేరు. పల్లాలమ్మది చూసి డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"మొగుడూ పెళ్ళాలం," అన్నాడు గనిరాజు.

"అది కాదు, అంతకు ముందు."

"మా మేనమావ కూతురండి. వాళ్ళమ్మా మా వంశమే."

"అందుకే. ఇంత దగ్గరగా అన్నదమ్ములకి కూడా అరుదుగా కలుస్తుంది. మీకు మందులే అక్కర్లేదు."

బస్సులో వత్తా గనిరాజు ఒకటే పొంగిపోవడం. "చూసేవా, పరాయి సంబంధం చేసుకునుంటే ఈ చెయ్యి పోయినట్టే."

"చేసుకోవాల్సింది. ఆవిడొచ్చి నూనె రాసేది," అంది పల్లాలమ్మ.

నాకేవన్నా అవుద్దా అని మాత్రం డాక్టరమ్మని అడిగిందంట. ఏం కాదమ్మా, మచ్చ కూడా కనపడదు అందంట. ఆ మాట నిజమే. మచ్చ కనపళ్ళేదు.

పల్లాలమ్మ ఎడం అరచేతిలోంచి గోరంత తీసి, పెంచి, సగం ఆయనకీ సగం దానికీ నాటేరు. కట్లు విప్పేరు. గనిరాజు వేళ్ళు తామర రేకుల్లా విచ్చుకున్నాయి. ఆ మాఘమాసం ఆయన ఊదినట్టు అంతకు ముందెప్పుడూ ఊదలేదు. డోలుతో పక్కన కూచున్నోణ్ణి, నాకు తెలుసు.

ఏడాదికోసారి కాకినాడ పిలిచేవోళ్ళు. చెయ్యి బల్ల మీద బోర్లించడం, సందులో కాయితం దూరుద్దేవో చూడ్డం. దూరేది కాదు. "మళ్ళీ రాలేదు" అని రాసుకునేవోళ్ళు. పల్లాలమ్మ కేరేజీ పట్టుకుని బయట బెంచీ మీద కూచునేది. దాన్నెవరూ లోపలికి రమ్మనలేదు. నీ చెయ్యి కూడా ఓసారి బల్ల మీద పెట్టమ్మా అని ఎవరూ అనలేదు.

మడత పడ్డ రేకు మొదటిసారి వచ్చినప్పుడు పల్లాలమ్మ గుడ్డని తిట్టింది. కొత్త గుడ్డ కొంది. తరవాత పిండిని తిట్టింది. ఆనక బియ్యం కొట్టోణ్ణి తిట్టింది. రేకు ఎడంపక్కే మడత పడతా ఉంది. ఓనాడు గుడ్డ ఉతుక్కుంటా చూసుకుంది. గుడ్డ బకెట్లో ఉంది. ఎడంచేతి ఉంగరం వేలు మాత్రం ఇంకా గుడ్డ పట్టుకున్నట్టే వంగుంది. అరచెయ్యి తడుముకుంది. సెనగ్గింజంత గడ్డ.

ఆ గడ్డని అది ఎరుగును. అన్నేళ్ళు దానికి నూనె రాసింది.

మొగుడికి చెప్పలేదు. వాత నొప్పేవో చూద్దాం అనుకుంది. ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, సన్నాయి సంచిలో ఉంది. వేలు కొంచెం వదులైంది. హమ్మయ్య అనుకుంది. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేయి, వేలు మళ్ళీ ముడుచుకుంది. మూఢం వచ్చింది, వదిలింది. మూఢం పోయింది, ముడిచింది. చదువు రాదు కానీ పంచాంగం దానికి నోటికొచ్చు. రేకులకి గిరాకీ కూడా ఆ ముహూర్తాల్నే పట్టుకుని వత్తాది కదా. తన వేలు పంచాంగం చూసి ఎందుకు నడుత్తందా అని కూచుని ఆలోచించింది. ఆలోచించి, మొగుడి ఎడంచెయ్యి కేసి చూసిందంట.

ఓ ఆదివారం అన్నాలు తిన్నాక అంది, "బావా, ఈ పూట ఎడంచెయ్యి ముడిచి పడుకో."

"ఏవే, గుప్పిట్లో ఏం దాచమంటావు?"

"ఇదిగో దీన్ని దాచు." పెరట్లో చెట్టుది నిమ్మకాయొకటి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, సన్నాయి తుడిచే గుడ్డతో గుప్పిటి కట్టేసింది.

"నాకు దిష్టి తీత్తున్నావా?"

"నీకెవడు పెడతాడు దిష్టి. పడుకో."

ఆయన గుర్రుపెట్టి పడుకున్నాడు. పల్లాలమ్మ పక్కన కూచుని తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూత్తా ఉంది. చూత్తే కదిలినట్టు ఉండదు. గడియారం ముల్లులాగ. పొద్దుగూకే వేళకి దాని ఉంగరం వేలు చాపుకుంది. గోడకేసి బోర్లించింది, అరచెయ్యి గోడకి అతుక్కుపోయింది.

గనిరాజుని లేపి చూపించింది. ఆయన గుప్పిటి కేసి, దాని చేతి కేసి మార్చి మార్చి చూసేడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వేరంట ముందు. ఏదో గమ్మత్తు దొరికినట్టు. తరవాత గనిరాజు నవ్వు ఆగిపోయింది.

"అయితే నేను ఊదినన్నాళ్ళూ..." అన్నాడు.

కాకినాడ ఎల్లేరు. ఈసారి పల్లాలమ్మే ముందు లోపలికెల్లి, అడక్కుండానే చెయ్యి బల్ల మీద బోర్లించింది. కింద చిల్లర పైసా దూరేంత సందు. హిరణ్మయమ్మ కాయితం తీసి ఆ సందులో దూర్చి చూసింది. పల్లాలమ్మ పొరలో మిగిలిన ముక్కలు ఇంకా పళ్ళేల్లో బతికున్నాయంట. ఒకదాన్ని వెనక చల్లటి గదిలో పెట్టింది, ఒకదాన్ని పైఅంతస్తులో. కింద గదిలో పుల్లల్ని మరతో దూరం జరిపి, వాళ్ళని సత్రంలో పడుకుని పొద్దున్నే రమ్మంది. పొద్దున్నే పైఅంతస్తుకి తీసుకెల్లింది. ఎవరూ ముట్టని ఆ పళ్ళెంలో పుల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"దానికెలా తెలిసింది?" అన్నాడు గనిరాజు.

"నాకు తెలీదు బాబాయిగారూ. ముక్కలు మేం చేశాం. అది ఇంకా ఒకటే పొర అనుకుంటోంది. వేరే ఒంట్లోకి వెళ్ళుంటే ఆ ఒళ్ళు దాన్ని తన దారికి తెచ్చుకునేది. మీ ఇద్దరి ఒళ్ళూ ఒకేలా ఉన్నాయి, దానికి తేడా తెలీలేదు. మొత్తం మీద ఎంత గుంజాలో అంత గుంజుతోంది. మీ దగ్గర తగ్గింది ఆవిడ దగ్గర తీర్చుకుంటోంది."

"తీసెయ్యండి నాది."

"చేతిలో నరాలన్నిటితో అల్లుకుపోయింది. తియ్యాలంటే చెయ్యే తియ్యాలి."

"ఎప్పటికీ ఇంతేనా?" అంది పల్లాలమ్మ.

డాక్టరమ్మ చెప్పింది. "పళ్ళేల్లో ఒకటి చూశాను. రెండు ముక్కల్లో ఒకటి చచ్చిపోతే, ఆ నిమిషానికి రెండోది ఎలా ఉంటే అలాగే నిలిచిపోతుంది. చాపుకుని ఉంటే చాపుకునే. ముడుచుకుని ఉంటే ముడుచుకునే. ఇక మారదు." అని, అనకూడని మాట అన్నట్టు నాలుక కరుచుకుంది.

గనిరాజు అడిగేడు, "మరి మా గురించి మీ లెక్కల్లో ఏం రాసేరు?"

"మళ్ళీ రాలేదని." ఆ పిల్ల తన చెయ్యి బల్ల మీద పెట్టుకుని దానికేసే చూత్తా ఉంది. "ఇచ్చినవాళ్ళ చెయ్యి చూడాలని మాకు తోచలేదమ్మా."

పైవాళ్ళకి రాసిందంట. ఒక్క జంటని పట్టుకుని శాస్త్రం మార్చేత్తామా అన్నారంట. మేనరికం వాళ్ళు ఇంకెవరూ ఆ లెక్కలో లేరు. తరవాత్తరవాత ఆ పిల్లని ఎక్కడికో వేసేసేరు. ఆ వైద్యం మాత్రం ఊరూరా పాకింది.

పిల్లలకి చెప్పొద్దంది పల్లాలమ్మ. మీ నాన్న భీముడికి అప్పుడే పెళ్ళైంది, రాజమండ్రిలో సెలూను పెట్టుకున్నాడు. కొడుకూ కోడలూ విని చేసేదేం లేదు, మన చేతుల గొడవ మనది అంది. నాకు మాత్రం చెప్పింది, డోలోణ్ణి కాబట్టి ఎలాగూ తెలిసిపోద్దని.

మరి బతకాలి కదా. పంచుకున్నారు. ముహూర్తాలున్న రోజు చెయ్యి ఆయనది. లేని రోజు దానిది. ముందు రోజు నించే కట్టుకోవాలి గుప్పిటి. ఆయన వంతైతే పల్లాలమ్మ నిమ్మకాయ పట్టుకుని పడుకునేది, దాని వంతైతే ఆయన పట్టుకునేవోడు. ఆ ఇంట్లో ఎప్పుడూ నిమ్మకాయ వాసనే. వీధిలో వాళ్ళు దిష్టి అనుకున్నారు. "మీ ఆయన వాయిద్యానికి అంత దిష్టేవిటే, మా ఆయన దగ్గినా అలాగే ఉంటాది," అనేది ఎదురింటావిడ.

పేచీలొచ్చేవి. పెద్ద పెళ్ళికి రేకుల ఆర్డరూ, ఆ పెళ్ళికే సన్నాయీ ఒకేసారి వచ్చేయనుకో.

"రేకులు ముందు రోజే చేసెయ్," అనేవోడు.

"ముందు రోజు నా గుప్పిటి కట్టేసుంటాదిగా, కాళ్ళతో లాగమంటావా?"

"ఒక్క గట్టిమేళానికే పల్లాలూ."

"ఒక్క గట్టిమేళం, ఒక్క ఊరేగింపు, ఒక్క అప్పగింతలు. అన్నీ ఒక్కోటే నీకు."

అంటానే ఉండేది, కడుతానే ఉండేది.

అలా కొన్నాళ్ళు జరిగింది. జరిగినన్నాళ్ళు బానే ఉంది కూడా. చెడిందెక్కడంటే, మంచి పొర చెడ్డదానికి ఆగడం నేర్పుద్ది అన్నారు కదా, అది తిరగబడింది. చెడ్డదే దీనికి ఆగకపోవడం నేర్పింది. ఇద్దరూ పంచుకునే వేళ్ళ చాపు ఏడాదికేడాది తరిగిపోతా వచ్చింది. ఒకళ్ళు ఎంత బిగించి కట్టుకున్నా రెండోవాళ్ళ వేలు మునుపటంత లేచేది కాదు. ఒకటి పూర్తిగా మూసి ఉంచితే తప్ప రెండోది పనికిరాని రోజులొచ్చేయి. వంతులు కుదరవు. ఎవరిదో ఒకరిదే.

గనిరాజు సన్నాయి మానేసేడు. ఊపిరి సాలట్లేదని ఊళ్ళో చెప్పేడు. ఊపిరికేం, మనిషి ఏటి అవతలున్నోణ్ణి పిలిచేవోడు. నిమ్మకాయ ఇక దించలేదు. ఎండిపోతే మార్చుకోవడం, మళ్ళీ కట్టుకోవడం.

పల్లాలమ్మ ఊరుకుందా? తనూ కట్టుకుని కూచుంది. "నాకొద్దు ఈ చెయ్యి. ఊదుకో పో."

"విప్పు."

"నువ్వు విప్పు ముందు."

"ఇద్దరం కట్టుకుంటే దానికేం చెయ్యాలో తెలీక మధ్యలో చత్తాదే."

"చావనీ, పీడా పోద్ది."

అరచేతుల్లో మంటలెత్తి ఇద్దరూ రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి గనిరాజు అన్నాడు, "పల్లాలూ, పాట ఊదితే గాల్లో పోద్ది. రేకు నలుగురి నోట్లోకెల్తాది. నా మాట విను." అది అప్పుడు విప్పింది. ఆ మాటకి కాదు, ఆయన గొంతు విని.

ఆ తరవాత పల్లాలమ్మ రేకులు మళ్ళీ మొహం కనపడేట్టు వచ్చేయి. ఒక్కో రేకూ ఎత్తేటప్పుడు అరుగు మీద కూచున్న ఆయన గుప్పిటి కేసి చూసేది. చూడకుండా ఎత్తడం దానికి చేతయ్యేది కాదు.

గనిరాజుకి జొరం తగిలింది. గోదారి జిల్లా జొరాలు మామూలేగా అనుకున్నాం. అది ఛాతీలోకి దిగింది. కబురు పెడితే మీ నాన్న వచ్చేడు. గనిరాజు పల్లాలమ్మని దగ్గరికి పిలిచి, కొడుకు వినకుండా చెప్పేడంట. "డాక్టరమ్మ అన్న మాట గుర్తుందా. ఒకటి పోతే రెండోది ఉన్నదున్నట్టు నిలబడిపోద్దంట. నేను పోయినా చేతిలో పొర రెండ్రోజులు బతుకుద్ది. గుప్పిటి విప్పనీకు. కట్టింది కట్టినట్టే కాల్చెయ్యండి. నీ చెయ్యి నీకుంటాది."

"పిచ్చి మాటలాడకు బావా," అంది పల్లాలమ్మ. ఆడలేదు ఆయన మరి. మర్నాడు పొద్దున్నే పోయేడు. నిమ్మకాయ గుప్పిట్లోనే ఉంది.

ఇక్కడ నెమ్మదిగా రాయి, లోవా.

నేను తునిలో పెళ్ళిలో ఉన్నాను. కబురంది బయల్దేరేను, అందుకోలేకపోయేను. పల్లాలమ్మ తరవాత చెప్పిందే చెప్తున్నాను.

శవానికి నీళ్ళు పోత్తారు కదా, మొగాళ్ళు పెరట్లోకి తీసుకెల్లేరు. ఆడాళ్ళందరూ పల్లాలమ్మని లోపల చుట్టేసి కూచున్నారు. మీ నాన్న తండ్రికి వేణ్ణీళ్ళు పోసేడు. ఎడంచేతి గుప్పిటి చూసేడు. గుడ్డ కట్టుంది. ఊళ్ళో అందరూ చెప్పుకునే దిష్టి నిమ్మకాయే అది. చచ్చిపోయినోడికి ఇంకా దిష్టేవిటి అనుకున్నాడు. సన్నాయి విద్వాంసుడు వేళ్ళు ముడుచుకుని ఎల్లకూడదనుకున్నాడు. గుడ్డ విప్పేడు. వేణ్ణీళ్ళు పోత్తా, ఒక్కో వేలూ పామి, పామి, చాపేడు. ఏడుత్తా చాపేడు. కొడుకై అంత ప్రేమగా ఎవరూ చెయ్యరు.

లోపల పల్లాలమ్మ తలుపు సందులోంచి చూసింది. "విప్పకురా భీముడూ, నిమ్మకాయ తియ్యకురా," అని లేవబోయింది. ఆడాళ్ళు నలుగురూ పట్టేసుకున్నారు. "ఏడవ్వే తల్లీ, ఏడు," అన్నారు. నిమ్మకాయ, నిమ్మకాయ అని అది అరుత్తావుంటే మతి చలించిందనుకున్నారు. ఎవరో కొంగుతో నోరు తుడిచేరు. నీళ్ళు తాగించేరు.

అలా ఎంతసేపుంచేసేరో దానికి తెలీదు. పూలు కట్టేరు, పాడె కట్టేరు. కడసారి చూపుకి దాన్ని బయటికి తెచ్చేటప్పటికి దాని ఉంగరం వేలు సగానికి వంగుంది.

మీ నాన్న ఎదురొచ్చేడు. మొహం అంతా కన్నీళ్ళు, అందులోనే ఓ తృప్తి. "నాన్న చెయ్యి చాపేనమ్మా. చూడు, సన్నాయి పట్టుకున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది." అని తల్లి ఎడంచెయ్యి తీసుకుని అందులో నిమ్మకాయ పెట్టేడు. "నాన్న గుర్తు. అడిగేవంట కదా. ఉంచుకో."

పల్లాలమ్మ నోరు తెరిచింది. కొడుకు మొహం చూసింది. ఇది చెప్తే ఆ మొహం ఇక ఎప్పటికీ ఎలా ఉంటాదో అది కూడా చూసిందంట. నోరు మూసుకుంది. పాడె లేచింది.

మంట పెట్టే వేళకి దాని వేళ్ళు నిమ్మకాయ మీద మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకోలేదు. ఆ కాయ లోపలే ఎండి, నల్లబడి, కుంకుడుకాయంత అయ్యింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పక్క గదిలోకెల్లి చూడు, పడుకుంది. నీళ్ళు పోసేటప్పుడు వేళ్ళ సందుల్లోంచి ఆ వాసనొత్తాదంట, అంతే మిగిలింది.

కుండ సెగకి వేళ్ళు పట్టేసేయని ఊళ్ళో చెప్పింది. మీ అమ్మకీ అదే చెప్పింది. మీ అమ్మ నమ్మింది.

ఇప్పుడు మీ నాన్న అరచేతిలో సెనగ్గింజంత గడ్డొచ్చింది. ఒంట్లో గుణం కదా, వత్తాది. కత్తెరలో ఉంగరం వేలు దూరట్లేదంట. రాజమండ్రిలో ఆసుపత్రోళ్ళు ఒకసారికే పోద్ది, మళ్ళీ రాదు అన్నారంట. ఎవరి పొర బాగా కలుత్తాదో అని రక్తాలు చూత్తే మీ అమ్మ సత్యవేణిదే కలిసిందంట. కలవదా మరి. మేనమావ కూతుర్నే కదా చేసుకున్నాడు. నా కూతుర్ని. సోమవారం గోరంత తీత్తారంట. మీ అమ్మ ఫోన్లో ఎంత సంతోషంగా చెప్పిందో. "నాన్నా, మాకు మందులే అక్కర్లేదంట," అంది.

నేను చెప్పబోయేను. నా మాట నెమ్మది. మూడో మాటకి వచ్చేటప్పటికి "సరే నాన్నా, స్టౌ మీద పాలున్నాయి" అని పెట్టేసింది. అందుకే నీ చేత రాయిత్తున్నాను.

నిన్న పల్లాలమ్మని అడిగేను. ముందే తెలిసుంటే ఇచ్చేదానివా అని. "నన్నెవరూ అడగలేదుగా అన్నయ్యా," అంది. అంతే అంది.

ఇవ్వొద్దని మీ అమ్మకి నేను చెప్పలేను. ఇవ్వకపోతే ఆ సెలూను మూతే. ఇత్తే ఏవవుద్దో ఇందాకా చెప్పిందే. రెండిట్లో మంచిదేదో నాకు తెలీదు, ఆ హిరణ్మయమ్మ ఎక్కడుందో తెలీదు, ఉన్నా ఆ పిల్లకీ తెలీదు. ఎవరిది మూసి ఎవరిది తెరవాలో ముసలోణ్ణి నేనేం చెప్తాను.

కాయితాలు మడిచి నీ సంచిలో పెట్టుకో. రేపు బస్సులో ఎల్లి మీ అమ్మకి చదువు. మీ అమ్మకొక్కదానికే. మీ నాన్న పక్కనుంటే చదవకు. మధ్యలో వత్తే ఆపేసి, మామ్మ రేకుల పిండి కొలత చెప్పి రాయించిందని చెప్పు. నిమ్మకాయ సంగతి ఆయన చెవిన పడకూడదు. పల్లాలమ్మ అది చెప్పకుండా ఉండడానికే చెయ్యి పోగొట్టుకుంది.

చదవబోయే ముందు ఒక్క పని చెయ్యి. మీ అమ్మని కూచోబెట్టి, ఎడంచెయ్యి బల్ల మీద బోర్లించమను. కాసేపు దాన్ని చూసుకోమను. తరవాత చదువు.